స్పానిష్‌లో ‘ఉబియేర’ క్రియలు కట్టే పద్ధతి: మరాఠీ సరిహద్దు తెలుగువారి కోసం సమగ్ర మార్గదర్శి

‘నువ్వు నిన్న వచ్చి ఉంటే నేనూ వెళ్ళేవాణ్ణి.’ నువ్వు రాలేదు, నేను వెళ్ళలేదు. గడిచిపోయిన కాలంలో జరగనిదాన్ని జరిగినట్టు ఊహించి చెప్పే ఇలాంటి మాటకు స్పానిష్‌లో ఒక ప్రత్యేక క్రియారూపం ఉంది. దాని పూర్తి పేరు ‘ప్రెతేరితొ ప్లుస్క్వంపెర్ఫేక్తొ దె సుబ్‌హున్‌తీబొ’. ‘ఉబియేర’ అనే సహాయక్రియతో మొదలవుతుంది కాబట్టి ఇక్కడ దాన్ని పొట్టిగా ‘ఉబియేర’ అంటాం. పేరు పొడుగు చూసి చాలామంది దీన్ని చివరికి నెట్టేస్తారు. స్పెయిన్ భాషా సంస్థ ఇన్‌స్తితూతొ సెర్బాన్తెస్ ఇచ్చే ‘దేలె’ అనే స్పానిష్ సర్టిఫికెట్‌కు బీ2 (మధ్యస్థం కన్నా పై) స్థాయిలో కూర్చునేవాళ్ళకు మాత్రం ఇది రాకపోతే కుదరదు. నిజానికి స్పానిష్ క్రియారూపాలన్నిటిలో కట్టడానికి తేలికైనవాటిలో ఇదొకటి. కష్టమంతా ఎక్కడ వాడాలో తెలుసుకోవడంలో ఉంది.

సిరోంచ, అహేరి, బల్లార్షా, రాజురా, కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూరు వైపు తెలుగువాళ్ళకు ఇంట్లో తెలుగు, బడిలోనూ బజార్లోనూ మరాఠీ. స్పానిష్ నేర్చుకునేది మాత్రం ఎక్కువగా ఇంగ్లీషు యాప్‌లలో, ఇంగ్లీషు పుస్తకాల్లో. ఈ రూపం దగ్గర ఇంగ్లీషును పక్కన పెట్టండి. ఇందులో రెండు ముక్కలున్నాయి: ముందు సహాయక్రియ, వెనక అసలు క్రియ. సహాయక్రియ మరాఠీ ‘అస్తా, అస్తో, అస్తే’ల దారిలో నడుస్తుంది. అసలు క్రియ తెలుగు ‘వచ్చి, తిని, చదివి’లాగా కదలకుండా ఉంటుంది. ఏ ముక్కకు ఏ భాష తోడో గుర్తుంటే చాలు. రెండిటినీ తారుమారు చేసినప్పుడే తప్పులు పుడతాయి. ఆ తప్పులు ఎక్కడెక్కడ వస్తాయో కింద వచ్చిన చోటల్లా చెప్పాం.

ముందుగా రాత, పలుకు

ఇక్కడ స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాం. దీర్ఘం ఉన్న చోట ఊనిక పెట్టి పలకాలి, మిగతావన్నీ పొట్టిగా అనాలి. ‘ఉబియేర’ అంటే ‘యే’ మీద బరువు. స్పానిష్‌లో బి, వి అక్షరాలు రెండింటికీ ఒకటే ధ్వని కాబట్టి రెండింటినీ ‘బ’తోనే రాశాం. అచ్చుల మధ్య వచ్చినప్పుడు ఆ ‘బ’కు పెదవులు పూర్తిగా మూసుకోవు. హెచ్ అక్షరం రాతలో ఉంటుంది, నోట్లో ఉండదు. టి, డి అక్షరాలను ‘ట, డ’లుగా కాక ‘త, ద’లుగా పలకాలి. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్ళు ‘అబ్లాడో’ అనేస్తారు, సరైనది ‘అబ్లాదొ’. మన నాలుకకు ఆ ‘ద’ పుట్టుకతోనే ఉంది.

నోట్సు రాసుకునేటప్పుడు దేవనాగరి కన్నా తెలుగు లిపి వాడటం మంచిది. తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. మరాఠీ రాతలో ఆ తేడా చూపించడం కుదరదు కాబట్టి ఊనిక ఎక్కడుందో కాగితం మీద కనబడదు. అయితే స్పానిష్ అసలు స్పెల్లింగ్ రోమన్ లిపిలో పక్కనే రాసుకోవాలి, పరీక్షలో చూసేది దాన్నే.

మొదటి అడుగు: అసలు క్రియను ‘చేసి’ రూపంలోకి తేవడం

నిఘంటువులో స్పానిష్ క్రియ ఆర్, ఏర్, ఈర్ అనే మూడింటిలో ఒకదానితో ముగుస్తుంది. ఆ చివరి రెండు అక్షరాలు తీసేయండి. ఆర్ ఉన్న చోట ‘ఆదొ’ పెట్టండి. ఏర్ ఉన్నా ఈర్ ఉన్నా ‘ఈదొ’ పెట్టండి.

అబ్లార్ (మాట్లాడు) – అబ్లాదొ
ఎస్పెరార్ (ఎదురుచూడు) – ఎస్పెరాదొ
కొమేర్ (తిను) – కొమీదొ
బెందేర్ (అమ్ము) – బెందీదొ
బిబీర్ (నివసించు) – బిబీదొ
సలీర్ (బయలుదేరు) – సలీదొ

వర్తమానంలో రూపం మార్చి ఇబ్బంది పెట్టే క్రియలు కూడా ఇక్కడ బుద్ధిగా ఉంటాయి. బెనీర్ (వచ్చు) ‘బెనీదొ’, తెనేర్ (కలిగి ఉండు) ‘తెనీదొ’, దొర్మీర్ (నిద్రపోవు) ‘దొర్మీదొ’, ఈర్ (వెళ్ళు) ‘ఈదొ’ అవుతాయి. చివరిదానిలో మొదలు ఏమీ మిగలకపోయినా సూత్రం అదే.

స్పెల్లింగ్‌లో ఒక్క జాగ్రత్త. ఏర్, ఈర్ క్రియల్లో ముగింపుకు ముందు ఎ, ఇ, ఓ అనే రోమన్ అచ్చుల్లో ఏదైనా ఉంటే, ‘ఈదొ’లోని ఐ అక్షరం మీద గీత పెట్టాలి. లెఏర్ (చదువు) ‘లెఈదొ’, కఏర్ (పడు) ‘కఈదొ’, ఒఈర్ (విను) ‘ఒఈదొ’ ఇలా గీతతో వస్తాయి. ముందున్నది యు అయితే గీత ఉండదు. కొన్‌స్త్రుఈర్ (కట్టు) నుంచి వచ్చే రూపానికి గీత పెట్టడం తరచూ కనబడే తప్పు.

ఇప్పుడు మరాఠీ తెచ్చిపెట్టే చిక్కు. ‘తో ఆలా అస్తా’, ‘తీ ఆలీ అస్తీ’, ‘తే ఆలే అస్తే’ అని మరాఠీలో అసలు క్రియ కూడా లింగవచనాలను బట్టి మారుతుంది. ఆ అలవాటుతో మన పిల్లలు ఆమె వచ్చి ఉంటే అన్నప్పుడు ‘బెనీద’ అని ఆకారాంతం చేసేస్తారు. వాళ్ళు వచ్చి ఉంటే అన్నప్పుడు ‘బెనీదొస్’ అంటారు. రెండూ తప్పే. ఆమె అయినా, వాళ్ళయినా, నేనైనా ‘బెనీదొ’ ఒక్కటే. తెలుగులో అతను వచ్చి ఉంటే, ఆమె వచ్చి ఉంటే, వాళ్ళు వచ్చి ఉంటే అన్నప్పుడు ‘వచ్చి’ కదలదు కదా, అదే పద్ధతి. అందుకే ఈ ముక్కకు తెలుగును తోడు పెట్టుకోమన్నాం.

రెండో అడుగు: సహాయక్రియ ఆరు రూపాలు

సహాయక్రియ పేరు ‘అబేర్’. దాన్ని భూతకాలపు సబ్‌జంక్టివ్‌లో (ఊహ, కోరిక, అనుమానం లాంటివి చెప్పే క్రియా పద్ధతిలో) నడిపించాలి. బట్టీ పట్టకుండా రాబట్టే దారి కూడా ఉంది. అబేర్‌కు సాధారణ భూతకాలంలో ‘వాళ్ళు’ రూపం ‘ఉబియేరొన్’. దాని చివరి ‘రొన్’ తీసేస్తే ‘ఉబియే’ మిగులుతుంది. దానికి ర, రస్, ర, రమొస్, రయిస్, రన్ చేర్చాలి.

నేను (యో) – ఉబియేర
నువ్వు (తూ) – ఉబియేరస్
అతను, ఆమె, మీరు ఒక్కరు (ఏల్, ఏయ, ఉస్తేద్) – ఉబియేర
మేము, మనం (నొసోత్రొస్) – ఉబియేరమొస్
మీరంతా, స్పెయిన్‌లో చనువుగా (బొసోత్రొస్) – ఉబియేరయిస్
వాళ్ళు, మీరంతా (ఏయొస్, ఉస్తేదెస్) – ఉబియేరన్

ఆరింటిలోనూ ఊనిక ఒకే చోట, ‘యే’ మీదే ఉంది. ‘ఉబియెరామొస్’ అని ఊనికను వెనక్కి జరపడం చాలామంది చేసే పొరపాటు. స్పెల్లింగ్‌లో హెచ్, యు, బి, ఐ, ఇ, ఆర్, ఎ అని రాయాలి. వి రాయకూడదు, హెచ్ వదలకూడదు. ఆరు రూపాల్లో ఉబియేరమొస్‌లో మాత్రమే ఇ మీద గీత వస్తుంది. చివరి నుంచి మూడో అక్షరభాగం మీద ఊనిక పడితే గీత తప్పనిసరి అన్న నియమం వల్ల అది వచ్చింది.

ఇదే పనికి ఇంకో వరుస కూడా ఉంది: ఉబియేసె, ఉబియేసెస్, ఉబియేసె, ఉబియేసెమొస్, ఉబియేసెయిస్, ఉబియేసెన్. అర్థంలో తేడా లేదు. ‘ర’ వరుస లాటిన్ భాషలోని మామూలు పూర్వభూతకాలం నుంచి, ‘సె’ వరుస లాటిన్ సబ్‌జంక్టివ్ నుంచి వచ్చాయి. లాటిన్ అమెరికాలో వాడుక దాదాపు అంతా ‘ర’దే. స్పెయిన్‌లో రెండూ వినబడతాయి, రాతలో ‘సె’ ఇంకా గట్టిగానే ఉంది. మా సలహా ఒకటే: మాట్లాడటానికి, రాయడానికి ‘ర’ నేర్చుకోండి, ‘సె’ చదివితే గుర్తుపట్టేలా ఉంటే చాలు. ఒకే వాక్యంలో రెండూ కలిపినా వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ నేర్చుకునే దశలో ఆ కలగలుపు వద్దు.

‘మీరు’ దగ్గర ఆగాలి. అత్తగారితోనో మాస్టారితోనో మాట్లాడేటప్పుడు మనం ఒక్క మనిషికే బహువచన క్రియ వాడతాం. మరాఠీ ‘తుమ్హీ’ కూడా అంతే. స్పానిష్‌లో గౌరవానికి ‘ఉస్తేద్’ ఉంది, కానీ దాని క్రియ ఏకవచనం, అతను రూపమే. ‘మాస్టారూ, మీరు చెప్పి ఉంటే’ అనాలంటే ‘ఉస్తేద్ ఉబియేర’. ‘ఉస్తేద్ ఉబియేరన్’ అన్నారంటే లోపల మరాఠీయో తెలుగో పనిచేస్తోందని అర్థం. ఎదుట ఇద్దరు, ముగ్గురు ఉన్నప్పుడే ‘ఉస్తేదెస్ ఉబియేరన్’. మేము, మనం అన్న తేడా, మరాఠీ ‘ఆమ్హీ, ఆపణ్’ తేడా స్పానిష్‌లో లేదు. రెండింటికీ నొసోత్రొస్ సరిపోతుంది. బొసోత్రొస్ స్పెయిన్‌కు పరిమితం కాబట్టి మెక్సికో, పెరూ, కొలంబియా వాళ్ళతో పనిచేసేవాళ్ళు ఆ రూపం పక్కన పెట్టినా నష్టం లేదు.

నేను, అతను రెండింటికీ ‘ఉబియేర’ ఒకటే కావడంతో ఎవరి మాటో తెలియని సందర్భంలో యో, ఏల్, ఏయ అని ముందు చెప్పండి. మిగతా చోట్ల తెలుగులోలాగే కర్తను వదిలేయవచ్చు.

మూడో అడుగు: రెండూ కలపడం

సహాయక్రియ ముందు, అసలు క్రియ వెనక. తెలుగులో ‘అమ్మి ఉంటే’, మరాఠీలో ‘వికలా అస్తా’ అని సహాయక్రియ వెనకే వస్తుంది కాబట్టి ఈ ఒక్క వరుసలో మాత్రం రెండు భాషలూ సాయపడవు. బెందేర్ క్రియ పూర్తి నడక ఇది:

యో ఉబియేర బెందీదొ
తూ ఉబియేరస్ బెందీదొ
ఏల్ ఉబియేర బెందీదొ
నొసోత్రొస్ ఉబియేరమొస్ బెందీదొ
బొసోత్రొస్ ఉబియేరయిస్ బెందీదొ
ఏయొస్ ఉబియేరన్ బెందీదొ

క్రమం తప్పని ఏ క్రియ అయినా ఇదే అచ్చులో పడుతుంది. రెండో ముక్క మారుస్తూ పోవడమే.

ఈ రెండు ముక్కల మధ్య ఏదీ దూరకూడదు. ‘కాదు’ అని చెప్పే ‘నో’ సహాయక్రియకు ముందు వస్తుంది: నో ఉబియేర బెందీదొ. నన్ను, నిన్ను, దాన్ని అనే మె, తె, లొ లాంటి పొట్టి మాటలు కూడా ముందే: తె ఉబియేర ఎస్పెరాదొ (నీ కోసం ఎదురుచూసి ఉంటే). నో, పొట్టి మాట రెండూ ఉంటే నో మొదట: నో తె ఉబియేర ఎస్పెరాదొ. ఆ మాటను తెచ్చి అసలు క్రియ చివర అంటించడం, అంటే ‘ఉబియేర ఎస్పెరాదొతె’ అనడం తప్పు. ‘ఎప్పుడూ’ అనే సియేంప్రె లాంటివి కూడా మధ్యలో పెట్టకుండా అటో ఇటో జరపండి.

మరాఠీ నుంచి ఇంకో లాగుడు ఉంటుంది, ఇది బాగా చదువుకున్నవాళ్ళలోనూ కనిపిస్తుంది. ‘మీ భాకరీ ఖాల్లీ అస్తీ’ అన్నప్పుడు తిన్నది నేను, కానీ క్రియ భాకరీ వెంట పోయింది. స్పానిష్‌లో ఎప్పుడూ అలా జరగదు. తిన్నది ఏదైనా, ఎన్నైనా, నేను తింటే ‘యో ఉబియేర కొమీదొ’, మేము తింటే ‘ఉబియేరమొస్ కొమీదొ’. సహాయక్రియ కర్తనే చూస్తుంది, కర్మ వైపు తల తిప్పదు.

ఇంగ్లీషు నుంచి వచ్చే తప్పు వేరు. అక్కడ ‘కలిగి ఉండు’కూ సహాయక్రియకూ ఒకే మాట కావడంతో కొందరు తెనేర్ క్రియను తెచ్చి ‘తుబియేర బెందీదొ’ అంటారు. తెనేర్ ఇక్కడ సహాయక్రియ కాదు. కాలేజీలో ఫ్రెంచ్ చదివినవాళ్ళు వెళ్ళడం, రావడం లాంటి క్రియలకు వేరే సహాయక్రియ వెతుకుతారు. స్పానిష్‌లో ఆ విభజన లేదు, అన్నిటికీ అబేర్ ఒక్కటే.

నాలుగో అడుగు: ‘సి’ వాక్యం

‘సి’ అంటే ఇక్కడ ‘అయితే, ఉంటే’లోని షరతు. జరగని షరతు ఒక వైపు, జరగని ఫలితం ఇంకో వైపు.

సి ఉబియేరమొస్ బెందీదొ ఎల్ చీలె ఎన్ ధర్మాబాద్, అబ్రీయమొస్ గనాదొ మాస్.
మిరప ధర్మాబాద్‌లో అమ్మి ఉంటే ఇంకా ఎక్కువ సంపాదించేవాళ్ళం.

షరతు వైపు ‘ఉబియేర’ వరుస. ఫలితం వైపు ‘అబ్రీయ’ వరుస: అబ్రీయ, అబ్రీయస్, అబ్రీయ, అబ్రీయమొస్, అబ్రీయయిస్, అబ్రీయన్. ఈ ఆరింటిలోనూ ఐ మీద గీత ఉంటుంది. తెలుగులో ‘అమ్మి ఉంటే’, ‘సంపాదించేవాళ్ళం’ (మన వైపు మాటలో ‘సంపాదించెటోళ్ళం’) అని రెండు వైపులా రెండు వేర్వేరు అచ్చులు. స్పానిష్ కూడా ఆ పద్ధతి పాటించగలదు.

అయితే స్పానిష్‌లో రెండు వైపులా ఉబియేర పెట్టినా సరైనదే. సి ఉబియేరస్ బెనీదొ, ఉబియేర ఈదొ. నువ్వు వచ్చి ఉంటే నేను వెళ్ళేవాణ్ణి. పుస్తకంలో ఇది చూసి అచ్చు తప్పనుకునేవాళ్ళున్నారు. ‘తూ ఆలా అస్తాస్ తర్ మీ గేలో అస్తో’ అని రోజూ అనేవాళ్ళకు ఇందులో వింత ఏమీ లేదు, మరాఠీలో అటూ ఇటూ ‘అస్’ క్రియే ఉంది. అందుకే ఫలితం వైపు ఏం పెట్టాలో తడుముకునేటప్పుడు వాక్యాన్ని మరాఠీలో అనుకుని రెండు వైపులా ఉబియేర వేసేయండి, వ్యాకరణం చెడదు. ఫలితం వైపు ‘ఉబియేసె’ను మాత్రం వాడకపోవడం మేలు, పాత వ్యాకరణాలు దాన్ని ఒప్పుకోవు.

తిరగేసి, షరతు వైపు అబ్రీయ పెట్టకూడదు. ‘సి అబ్రీయ బెనీదొ’ ఉత్తర స్పెయిన్‌లో నవార్ర, బాస్క్ ప్రాంతాల మాటల్లో వినిపిస్తుంది, కానీ ప్రామాణిక భాషలో తప్పు కింద లెక్క. ‘సి ఆయ బెనీదొ’ అని అబేర్‌కు వర్తమాన సబ్‌జంక్టివ్ రూపమైన ‘ఆయ’ పెట్టడం కూడా ఈ షరతుకు చెల్లదు.

షరతు గతంలో, ఫలితం ఇప్పుడు ఉంటే ఫలితం వైపు సాదా రూపం చాలు. బల్లార్షా స్టేషన్లో బండి తప్పిపోయినవాళ్ళ మాట ఇలా ఉంటుంది: సి ఉబియేరమొస్ తొమాదొ ఎల్ త్రేన్ దె ల మన్యాన, అఓర ఎస్తరీయమొస్ ఎన్ నాగ్‌పూర్. పొద్దున బండి ఎక్కి ఉంటే ఇప్పుడు నాగ్‌పూర్‌లో ఉండేవాళ్ళం. ‘ఇప్పుడు’ అన్న మాట వినగానే అబ్రీయను వదిలి ఈ దారి పట్టాలి.

వస్తువు ఉండటం, లేకపోవడం చెప్పేటప్పుడు సహాయక్రియా అబేరే, అసలు క్రియా అబేరే: ఉబియేర అబీదొ. సిరోంచ దగ్గర గోదావరి దాటి కాళేశ్వరం పోయేవాళ్ళు ‘వంతెన లేకపోయి ఉంటే’ అనాలంటే ‘సి నో ఉబియేర అబీదొ ప్వేంతె’. వంతెన ఒకటైనా పదైనా ఇక్కడ ఏకవచనమే. పడవలు ఎక్కువ ఉండి ఉంటే అనబోయి ‘ఉబియేరన్ అబీదొ’ అనడం స్పానిష్‌వాళ్ళే చేసే తప్పు, పరీక్షలో మార్కు పోతుంది.

‘ఉంటే’ కనబడని చోట్లు

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. తెలుగులో ‘ఉంటే’ వినబడితేనే ఉబియేర అని గుర్తు పెట్టుకున్నవాళ్ళు సగం సందర్భాలు పోగొట్టుకుంటారు.

‘ఒహలా’ అంటే ఎంత బాగుండేదో అన్న కోరిక. ఒహలా ఉబియేర యొబీదొ ఎన్ హూనియొ: జూన్‌లో వాన పడి ఉంటే ఎంత బాగుండేదో. పడలేదని తెలుసు. ఫలితం ఇంకా తెలియనప్పుడు ఉబియేర కాకుండా ‘ఆయ’ వాడాలి. ఒహలా ఆయ యెగాదొ అంటే, వాడు చేరి ఉంటే బాగుండు, చేరాడో లేదో మనకింకా కబురు లేదు. ‘బాగుండు’కు ఆయ, ‘బాగుండేది’కి ఉబియేర అని పెట్టుకుంటే ఈ తేడా చేతికి దొరుకుతుంది.

‘కొమొ సి’ అంటే ‘అన్నట్టు’. అబ్లో కొమొ సి నాద ఉబియేర పసాదొ: ఏమీ జరగనట్టు మాట్లాడాడు. తెలుగులో ‘జరగనట్టు’ అని ఒక్క మాటలో ముగిసిపోతుంది, ‘ఉంటే’ జాడే లేదు. అయినా స్పానిష్‌లో కొమొ సి తర్వాత ముందే జరిగిపోయినదాన్ని చెబితే ఉబియేర తప్పదు.

‘అఉన్కె’ అంటే ‘అయినా’. అఉన్కె ఉబియేర యొబీదొ, అబ్రీయమొస్ క్రుసాదొ ఎల్ ప్వేంతె: వాన పడి ఉన్నా వంతెన దాటేవాళ్ళం.

ఇక అన్నిటికన్నా ఎక్కువ తడబాటు తెచ్చేది నిజంగా జరిగినదానికి ఈ రూపం రావడం. మె అలెగ్రే దె కె ఉబియేరస్ యెగాదొ బియేన్: నువ్వు క్షేమంగా చేరావని సంతోషించాను. చేరడం జరిగింది, అనుమానం లేదు. మరి ఉబియేర ఎందుకు? ముందున్న క్రియ సంతోషాన్ని చెబుతోంది కాబట్టి. సంతోషం, బాధ, భయం, అనుమానం, నమ్మకపోవడం లాంటి క్రియల తర్వాత ‘కె’ వచ్చి రెండో కర్త మొదలైతే సబ్‌జంక్టివ్ తప్పనిసరి. ఆ ముందు క్రియ గతంలో ఉండి, చెప్పే సంగతి దానికన్నా ముందే ముగిసి ఉంటే ఉబియేర. ఇలాంటి వాక్యాన్ని మూడు ప్రశ్నలతో జల్లెడ పట్టండి. మనసులో మాటా, లేక తెలిసిన సమాచారమా? ముందు క్రియ గతంలో ఉందా? రెండో సంగతి దానికన్నా ముందుదా? మొదటిదానికి ‘మనసులో మాట’ అనీ మిగతా రెండింటికీ అవుననీ వస్తే ఉబియేర.

దుదాబ కె ఉబియేరన్ బెందీదొ ఎల్ అల్గొదోన్. వాళ్ళు పత్తి అమ్మేశారా అని నాకు అనుమానంగా ఉండేది.
సబీయ కె అబీయన్ బెందీదొ ఎల్ అల్గొదోన్. వాళ్ళు పత్తి అమ్మేశారని నాకు తెలుసు.

ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి. పత్తి అదే, అమ్మడం అదే. తెలిసిన సంగతికి ‘అబీయన్’ (సబ్‌జంక్టివ్ కాని మామూలు భూతకాలంలో అబేర్), అనుమానానికి ‘ఉబియేరన్’. తెలుగు క్రియ రెండు చోట్లా ‘అమ్మేశారు’ అనే ఉండటం వల్ల తెలుగును నమ్ముకుంటే ఇక్కడ దారి తప్పుతాం. ముందు క్రియనే చూడాలి.

క్రమం తప్పే రెండో ముక్కలు

ఇవి కొన్నే, కానీ వాడుకలో ముందుంటాయి. అసేర్ (చేయు) – ఏచొ. దెసీర్ (చెప్పు) – దీచొ. బేర్ (చూడు) – బీస్తొ. ఎస్క్రిబీర్ (రాయు) – ఎస్క్రీతొ. అబ్రీర్ (తెరుచు) – అబియేర్తొ. పొనేర్ (పెట్టు) – ప్వేస్తొ. బొల్బేర్ (తిరిగి వచ్చు) – బ్వేల్తొ. మొరీర్ (చనిపోవు) – మ్వేర్తొ. రొంపేర్ (విరుచు) – రోతొ. కుబ్రీర్ (కప్పు) – కుబియేర్తొ. రెసొల్బేర్ (పరిష్కరించు) – రెస్వేల్తొ. వీటి నుంచి పుట్టిన క్రియలదీ చాలావరకు ఇదే దారి: దెస్కుబ్రీర్ (కనుగొను) – దెస్కుబియేర్తొ. ‘నువ్వైతే ఏం చేసి ఉండేవాడివి?’ అన్న ‘కే ఉబియేరస్ ఏచొ?’ స్పానిష్ సంభాషణల్లో ఎంత తరచుగా వస్తుందంటే, ఏచొ ఒక్కటి మాత్రం మొదటి రోజే నేర్చుకోవాలి.

సాధన, టైపింగ్

మొదటి వారం ‘సి’ వాక్యాల జోలికి పోవద్దు. రోజుకు మూడు క్రియలు, ఆర్ ఒకటి, ఏర్ ఒకటి, ఈర్ ఒకటి తీసుకుని ఆరు రూపాలూ గట్టిగా పలుకుతూ రాయండి. రోజుకు పద్దెనిమిది వరుసలు, పావుగంట పని. ఉబియేర మీద ఊనిక అప్పుడే నాలుకకు పడుతుంది. రెండో వారం అవే క్రియలకు నో చేర్చండి, ఆ తర్వాత మె, తె, లొ చేర్చండి. మూడో వారం నుంచి సి వాక్యాలు. ‘కె’ వాక్యాలను చివరికి ఉంచండి. తొందరపడి అన్నీ ఒకేసారి మొదలుపెడితే అబీయన్, అబ్రీయన్, ఉబియేరన్ మూడూ కలిసిపోతాయి. వాటిని విడదీయడానికి మళ్ళీ మొదటికి రావాల్సి వస్తుంది.

ఫోన్‌లో కీబోర్డుకు స్పానిష్ భాష చేర్చుకుని, ఇ అక్షరం నొక్కి పట్టుకుంటే గీతతో ఉన్న ఇ వస్తుంది. విండోస్ కంప్యూటర్లో నంబర్ ప్యాడ్ ఉంటే ఆల్ట్ నొక్కి పట్టి 0233 కొడితే గీత ఇ, 0237 కొడితే గీత ఐ. ఉబియేరమొస్‌కు మొదటిది, అబ్రీయకు రెండోది కావాలి.

కింది ఆరింటినీ జవాబు చూడకుండా కట్టండి.

మేము ఆకు (తునికాకు) ముందే అమ్మి ఉంటే. ఆమె నన్ను పిలిచి ఉంటే. మీరు (ఒక్కరు) రాకపోయి ఉంటే. నువ్వు ఉత్తరం రాసి ఉంటే. ఏమీ తిననట్టు చూశాడు. పిల్లలు బాగా చదివారని సంతోషించాను.

జవాబులు ఇవి. సి ఉబియేరమొస్ బెందీదొ ఆన్తెస్ లస్ ఓహస్: ఆకులు బహువచనమైనా, స్త్రీలింగమైనా బెందీదొ కదలలేదు. సి ఏయ మె ఉబియేర యమాదొ: ‘మె’ ముందుకు వచ్చింది, ఆమె అయినా యమాదొనే. సి ఉస్తేద్ నో ఉబియేర బెనీదొ: ఉబియేరన్ రాసి ఉంటే ‘మీరు’ గురించి పైన చెప్పింది మళ్ళీ చదవండి. సి ఉబియేరస్ ఎస్క్రీతొ ల కార్త: ‘ఎస్క్రిబీదొ’ అన్నవాళ్ళు క్రమం తప్పే జాబితా దగ్గరికి వెళ్ళాలి. మిరో కొమొ సి నో ఉబియేర కొమీదొ నాద: నో, నాద రెండూ ఉండాలి, నాద క్రియ వెనక వచ్చినప్పుడు ముందు నో తప్పనిసరి. మె అలెగ్రే దె కె లొస్ నీన్యొస్ ఉబియేరన్ ఎస్తుదియాదొ మూచొ: ఇక్కడ అబీయన్ రాసినవాళ్ళు దుదాబ, సబీయ వాక్యాల జంటలో పత్తి బదులు మిరప, సోయా, బియ్యం పెట్టి ఒక్కోదానికీ రెండు వాక్యాలూ రాయండి.